అమ్మ కంటి హెర్పిస్‌కి 7 నెలలు ఈ హాస్పిటల్ కార్నియా డిపార్ట్‌మెంట్‌కి తిరిగాం, 5కి 4 స్టార్లు

ముందే చెప్తున్నా, ఇది పెద్ద రివ్యూ. టైం లేనివాళ్ళకి ఒక్క ముక్క, కార్నియా (నల్లగుడ్డు మీద ఉండే అద్దంలాంటి పొర) డాక్టర్లకి 5కి 5, వెయిటింగ్‌కి 2, మొత్తం కలిపి 4 ఇస్తున్నా. ఇంత పొడుగు ఎందుకు రాస్తున్నానంటే మా అమ్మకి వచ్చింది ఏంటో తెలుసుకుందామని తెలుగులో ఎంత వెతికినా నాకు సరిగ్గా అర్థమయ్యేలా దొరకలేదు, అందులోనూ ఒక ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు, ఒకే జాతి చుక్కల మందు మార్చిలో అమ్మ కన్ను చెడగొట్టి, మేలో అదే కన్ను ఎలా కాపాడింది అని. నేను ఇంటర్ సెకండియర్ పిల్లలకి జువాలజీ చెప్తాను, ఇమ్యూనిటీ చాప్టర్ 12 ఏళ్ళుగా చెప్తున్నా, ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాలు, న్యూట్రోఫిల్స్, టీ కణాలు, బీ కణాలు అని బోర్డు మీద బొమ్మలు గీస్తున్నా, అవి ఒక మనిషి కంట్లో ఏం చేస్తాయో మాత్రం ఈ హాస్పిటల్ మూడో ఫ్లోర్‌లో కూర్చున్నాకే తెలిసింది.

మాది ఖమ్మం జిల్లా. ఫిబ్రవరి ఆఖర్లో మిరప కల్లం మీద పని నడుస్తుంటే అమ్మకి ఎడమ కన్ను ఎర్రబడి నీళ్ళు కారడం మొదలైంది. అందరం మిర్చి ఘాటే అనుకున్నాం, ప్రతి ఏడూ ఎవరో ఒకరికి అవుద్ది, చన్నీళ్ళతో కడుక్కుంటే రెండు రోజుల్లో పోద్ది. ఈసారి పోలేదు. ఊళ్ళో మెడికల్ షాపులో అడిగితే ఒక చుక్కల సీసా ఇచ్చారు, చీటీ అడగలేదు, కన్ను చూడలేదు, "రోజుకి నాలుగుసార్లు వేసుకోండి పెద్దమ్మా" అన్నారంతే. వేసిన రెండో రోజుకే ఎరుపు తగ్గిపోయింది, నొప్పి కూడా తగ్గింది, అమ్మ ఫోన్లో ఎంత సంతోషంగా చెప్పిందో. అందుకే 9 రోజులు వదలకుండా వేసుకుంది. పదో రోజు పొద్దున లేచి కుడి కన్ను మూసి చూస్తే గోడ మీద క్యాలెండర్‌లో తేదీలు కాదు కదా క్యాలెండరే పొగలో ఉన్నట్టుందంట, వెలుతురు చూడలేక కొంగు కప్పుకుని కూర్చుంది. నేను వెళ్ళి సీసా మీద చిన్న అక్షరాలు చదివితే యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అని ఉంది, వాపునీ ఎరుపునీ అణిచేసే మందు. స్టెరాయిడ్.

ఆ రాత్రే బస్సెక్కి హైదరాబాద్ వచ్చేశాం. ఈ హాస్పిటల్‌లో పొద్దున 7 గంటలకి కౌంటర్ తీస్తారు, మేము 7:20కి టోకెన్ తీసుకుంటే 41 వచ్చింది. రిజిస్ట్రేషన్, తర్వాత అక్షరాలు చదివించే గది, తర్వాత కంటి ప్రెషర్, తర్వాత జూనియర్ డాక్టరు, ఆ తర్వాత పెద్ద డాక్టరు, డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళేసరికి 12:45. నొప్పితో ఉన్న మనిషికి 5 గంటలు చాలా ఎక్కువ, వెయిటింగ్‌కి 2 ఇచ్చింది దీనికే. కళ్ళు ఎర్రగా ఉండి వెలుతురు పడనివాళ్ళని ట్యూబులైట్ల కింద కూర్చోబెట్టే బదులు కాస్త చీకటిగా ఉండే మూల ఒకటి పెడితే బాగుండు, మేనేజ్‌మెంట్ వాళ్ళు చదివితే దయచేసి ఆలోచించండి. మా పక్కన ఒకాయన తువ్వాలు తల మీదుగా కప్పుకుని నాలుగు గంటలు అలాగే ఉన్నాడు.

లోపలికి వెళ్ళాక మాత్రం ఆమె అస్సలు తొందరపడలేదు. మొదట పుల్లకి చుట్టిన దూదిలోంచి సన్నని పోగు ఒకటి లాగి, వెంట్రుక లాగా మెలిపెట్టి, అమ్మ కుడి కంటి నల్లగుడ్డుకి పక్కనుంచి తాకించారు, అమ్మ టక్కున రెప్ప కొట్టింది. అదే పోగు ఎడమ కంటికి తాకిస్తే అమ్మ కదల్లేదు. "ఏమైనా తగిలిందా అమ్మా" అంటే "ఏం ముట్టుకోలేదు గదమ్మా నువ్వు" అంది. నేను పక్కనే నిలబడి చూస్తున్నా, పోగు నల్లగుడ్డు మీదే ఉంది. స్పర్శ తగ్గిందంటే నరం దాకా విషయం వెళ్ళినట్టని, ఈ వైరస్‌ని అనుమానించడానికి అదొక పెద్ద గుర్తని తర్వాత చెప్పారు. తర్వాత నారింజ రంగు కాగితం పుల్ల ఒకటి తడిపి రెప్ప లోపల తాకించి, మెషీన్‌లో నీలం లైటు వేసి, నన్ను కూడా పిలిచి చూడమన్నారు. నీలం మీద పచ్చగా మెరుస్తూ చెట్టు కొమ్మలా చీలికలు, ప్రతి కొమ్మ చివర చిన్న బొడిపె, మధ్యలో మాత్రం కొమ్మలన్నీ కలిసిపోయి మ్యాపులో దేశం లాగా ఒక పెద్ద మచ్చ. కొమ్మల్లా ఉంటే మామూలు హెర్పిస్ పుండు, స్టెరాయిడ్ పడితే ఇలా మ్యాపులా పాకుతుంది అన్నారు.

హెర్పిస్ అనే మాట వినగానే అమ్మ కంటే నేను ఎక్కువ ముడుచుకుపోయా, ఆ పేరుకి మనదగ్గర ఉన్న అర్థం వేరు కదా. డాక్టరమ్మ నా మొహం చూసి వెంటనే చెప్పారు, ఇది హెర్పిస్ సింప్లెక్స్ 1, జ్వరం తగ్గేటప్పుడు పెదవి అంచున నీటి పొక్కులు లేస్తాయి చూడండి, అదే వైరస్, చాలామందికి చిన్నప్పుడే ఎవరో ముద్దుపెట్టుకుంటేనో ఎంగిలి తగిలితేనో వచ్చేసి ఉంటుంది, వచ్చాక పోదు, ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి మొదట్లో ఒక ముడి ఉంటుంది అక్కడికి వెళ్ళి నిద్రపోతుంది, ఎప్పుడో లేచి నరం వెంట కిందకి దిగుతుంది, పెదవికి దిగితే పొక్కు, కంటికి దిగితే ఇది. ఎవరికైనా ఈ పేరు చెప్పి ఇంట్లో సిగ్గుపడుతుంటే ఈ పేరా చూపించండి, సిగ్గుపడి ఆలస్యం చేస్తే కన్నే పోతుంది.

స్టెరాయిడ్ చుక్కలు ఆపేశారు, ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ రోజుకి 5 సార్లు. రెండు వారాల్లో పుండు మానింది. ఎసైక్లోవిర్ గురించి ఒక్క మాట, ఈ మందు తయారైన ప్రయోగశాలలో పని నడిపించిన గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడకి 1988లో నోబెల్ వచ్చింది, ఆవిడకి పీహెచ్‌డీ కూడా లేదు. వైరస్ ఉన్న కణంలోనే మేలుకునే మందు ఇది, మామూలు కణాన్ని పెద్దగా ముట్టుకోదు. మా క్లాసులో ఆడపిల్లలకి ఈ సంగతి ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ చెప్తున్నా.

అసలు కథ మే నెలలో. బాగానే ఉందనుకున్న కన్ను మళ్ళీ ఎర్రబడింది, చూపు మసకేసింది. మళ్ళీ బస్సు, మళ్ళీ టోకెన్, ఈసారి వేరే జూనియర్ డాక్టరు, కథంతా మొదట్నుంచి మళ్ళీ చెప్పాలి, ఇది నాకు నచ్చలేదు, ఫైల్‌లో అంతా ఉన్నా ఎవరూ ముందు చదవరు. నారింజ పుల్ల పెట్టి నీలం లైటు వేస్తే ఏమీ మెరవలేదు. పైపొర శుభ్రంగా ఉంది. కానీ దాని కింద మందపాటి పొర, స్ట్రోమా అంటారు, అది ఉబ్బి పాలపొరలా తెల్లబడింది, అంచునుంచి సన్నటి ఎర్ర నరాలు లోపలికి పాకుతున్నాయి. డాక్టరమ్మ చూసి ప్రిడ్నిసొలోన్ చుక్కలు రాశారు. పేరు చూడగానే నాకు తెలిసిపోయింది అది కూడా స్టెరాయిడేనని, నేను అడిగేలోపే అమ్మ కూడా వాసన పట్టినట్టు సీసా బొమ్మ చూసి, "ఆ చుక్కలే గదమ్మా నా కన్ను చెడగొట్టింది, మళ్ళ అయ్యే ఏత్తారా" అంది. ఆ గదిలో అరగంట ఆలస్యం అయింది మా వల్లే, బయట ఇంకా 30 మంది ఉన్నారు, అయినా ఆమె కుర్చీ వెనక్కి జరిపి టిష్యూ కాగితం మీద గీసి చెప్పారు. ఈ రివ్యూ రాయడానికి కారణం ఆ అరగంటే.

మార్చిలో కంట్లో ఉన్నది బతికున్న వైరస్. పైపొర కణాల్లో పిల్లలు పెడుతూ పాకుతోంది. దాన్ని ఆపడానికి పైపొర కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం విడుదల చేస్తాయి, చుట్టుపక్కల కణాలకి హెచ్చరిక అన్నమాట, దాని వెంట న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు, నేచురల్ కిల్లర్ కణాలు వస్తాయి, అవి వచ్చిన ఆనవాలే ఎరుపు, నొప్పి, నీళ్ళు కారడం. షాపువాళ్ళు ఇచ్చిన స్టెరాయిడ్ ఏం చేసిందంటే ఆ కణాల నోరు నొక్కేసింది. ఎరుపు పోయింది, వైరస్‌కి మాత్రం అడ్డు లేకుండా పోయింది. రెండో రోజుకి అమ్మ సంతోషపడింది చూడండి, సరిగ్గా అప్పుడే లోపల కొమ్మ కొమ్మ కలిసి మ్యాపు అవుతోంది. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ గుండె పట్టేసినట్టు ఉంటుంది.

మేలో పైపొర మీద వైరస్ పాకడం లేదు. ఉన్నవన్నీ మన కణాలే. ఎలుకల్లో ఈ జబ్బుని దశాబ్దాలుగా చూస్తున్నారు, అక్కడ క్రమం చాలా స్పష్టంగా ఉంటుంది, వైరస్ పడ్డాక రెండో రోజుకి న్యూట్రోఫిల్స్ మొదటి గుంపు వస్తుంది, వారం తిరిగేసరికి కార్నియాలో బతికున్న వైరస్ దాదాపు దొరకదు, సరిగ్గా అప్పుడు రెండో గుంపు మొదలవుతుంది, ఈసారి సీడీ4 టీ కణాలు ముందుండి ఇంకా ఎక్కువ న్యూట్రోఫిల్స్‌ని పిలుస్తాయి, కన్ను తెల్లబడటం ఎక్కువగా జరిగేది రెండో వారంలో, అంటే శత్రువు పోయాక. నేను వేరేగా చదివింది ఇంకోటి ఉంది, అది చదివినరోజు చాలాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నా. పుట్టుకతో టీ కణాలు లేని ఎలుకలకి ఇదే వైరస్ పెడితే వాటి కంటికి ఆ తెల్ల మచ్చ రాదు. కానీ వైరస్ మెదడుకి ఎక్కి అవి చచ్చిపోతాయి. మన అమ్మ కన్ను తెల్లబడిందంటే మన అమ్మ బతికుండటానికి కష్టపడిన కణాలు అవే అన్నమాట.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైంది గానీ అమ్మకి పూర్తిగా ఎక్కలేదు. బయటకొచ్చి ఆటోలో నేను చెప్పా, అమ్మా చేనుకి తామర పురుగు పట్టింది, మందు కొడుతున్నాం, పురుగు చచ్చింది, అయినా మనిషి ఆపకుండా కొడుతూనే ఉన్నాడు, చేనేమవుద్ది? "మాడిపోద్ది" అంది. మరి పురుగు ఇంకా ఉన్నప్పుడే మందు కొట్టే మనిషి చేయి పట్టి ఆపితే? "చేనంతా పురుగే తింటది". మార్చిలో షాపులో ఇచ్చిన చుక్కలు పురుగు ఉండగా చేయి పట్టాయి, ఇప్పుడు డాక్టరమ్మ పురుగు పోయాక పడుతోంది, మళ్ళీ పురుగు లేవకుండా పక్కన ఇంకో మందు బిళ్ళ ఇస్తోంది. అమ్మ కాసేపు ఊరుకుని "అట్టయితే ఏసుకుంటా" అంది. 2021-22లో నల్ల తామర పురుగుకి తోటలు పోయిన ఊరు మాది, ఆ మాట అమ్మకి వేరేగా విడమర్చక్కర్లేదు.

ఆ పక్కన ఇచ్చే బిళ్ళ చాలా ముఖ్యం, ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు. స్టెరాయిడ్ ఒక్కటే వేస్తే నరంలోంచి వైరస్ మళ్ళీ దిగొచ్చు. దీనికి అమెరికాలో 1990ల్లో పెద్ద పరీక్షలు చేశారు, హెర్పెటిక్ ఐ డిసీజ్ స్టడీ అంటారు. అందులో 106 మంది స్ట్రోమా జబ్బు వాళ్ళ మీద చూస్తే, వైరస్ మందుతో పాటు స్టెరాయిడ్ చుక్కలు 10 వారాలు మెల్లగా తగ్గిస్తూ వేసినవాళ్ళలో వాపు అలాగే ఉండిపోవడం లేదా పెరగడం 68 శాతం తగ్గింది. ఇంకో పరీక్షలో 703 మందికి ఏడాది పాటు చూస్తే, మందు లేని ఉత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 32 శాతానికి జబ్బు తిరగబెట్టింది, ఎసైక్లోవిర్ 400 రోజుకి రెండుసార్లు వేసుకున్నవాళ్ళలో 19 శాతానికే. ఇవి విన్నాకే నాకు ధైర్యం వచ్చింది, అమ్మ ఇప్పుడు వేసుకుంటున్నది అదే డోసు, రోజుకి రెండు. కిడ్నీకి క్రియాటినిన్ టెస్టు ముందే చేయించారు, నీళ్ళు ఎక్కువ తాగమన్నారు.

కార్నియా అనేది ఎంత సున్నితంగా నడుస్తుందో చెప్పకపోతే ఈ వాపుకి ఎందుకంత భయపడాలో అర్థం కాదు. మందం అర మిల్లీమీటరు కాస్త అటూ ఇటూ. అందులో రక్తనాళాలు ఉండవు, గాలిలోంచి కన్నీటిలోంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. లోపల కొల్లాజెన్ పోగులు మగ్గం మీద నూలు లాగా సమానంగా పరిచి ఉంటాయి కాబట్టే వెలుతురు దాటుతుంది, ఒక్కచోట అల్లిక చెదిరినా మచ్చే. రక్తనాళాలు రాకుండా కార్నియా స్వయంగా ఒక పదార్థం తయారుచేసి, నాళాలని పిలిచే వీఈజీఎఫ్‌ని పట్టి కట్టేస్తుందని 2006లో కనుక్కున్నారు. న్యూట్రోఫిల్స్ గుంపుగా వచ్చినప్పుడు అవి వదిలే ఎంజైములు అల్లికనీ కోస్తాయి, నాళాలని ఆపే ఆ కట్టునీ కోస్తాయి. అమ్మ కంట్లో అంచునుంచి పాకిన ఎర్ర గీతలు అవే. నాళం ఒకసారి వచ్చిందంటే ఇంకా కణాలు రావడానికి రోడ్డు పడినట్టు.

ఇన్ని చెడ్డ మాటలు రాశాక వాటి మంచి కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. వైరస్ నిద్రపోయే ఆ నరం ముడిలో సీడీ8 టీ కణాలు కాపలా కాస్తుంటాయి. మామూలుగా ఈ కణాలు వైరస్ ఉన్న కణాన్ని చంపేస్తాయి, పిల్లలకి నేను అదే చెప్తా, కానీ నరం కణాన్ని చంపితే మళ్ళీ పుట్టదు కదా. 2008లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్ళు ఎలుకల్లో చూసి చెప్పింది ఏంటంటే, ఈ సీడీ8 కణాలు నరాన్ని చంపకుండానే గ్రాంజైమ్ బి అనే ఎంజైమ్ లోపలికి పంపి, వైరస్ నిద్ర లేవడానికి కావాల్సిన ఐసీపీ4 అనే ప్రోటీన్‌ని కోసేస్తాయి. మన ఒంట్లో కూడా అదే పని జరుగుతుంటే అమ్మకి 58 ఏళ్ళు, చిన్నప్పుడు వచ్చిన వైరస్‌ని ఇన్నాళ్ళు చప్పుడు లేకుండా పడుకోబెట్టినవి ఇవే. ఇంకోటి, కార్నియాలో టీ కణాలు మామూలుగా ఉండవనే చాలాకాలం అనుకున్నారు, 2022లో మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు ఎలుక కంట్లో హెర్పిస్ పోయాక కూడా జ్ఞాపకం ఉన్న టీ కణాలు అక్కడే తిరుగుతున్నాయని చూపించారు, ఆరోగ్యంగా ఉన్న మనుషుల కళ్ళలో కూడా అలా కదిలే కణాలు కనిపించాయి.

హాలులో కూర్చున్నప్పుడు ఇంకో ఇద్దరి విషయం తెలిసింది, పేర్లు రాయను. ఒక కుర్రాడికి అడినోవైరస్ కళ్ళకలక వచ్చి తగ్గిపోయి మూడు వారాలైంది, ఇప్పుడు బండి నడుపుతుంటే ఎదురు లైట్లు చీలిపోయి కనిపిస్తున్నాయంట, కార్నియా మీద నాణేల్లాంటి చుక్కలు. అవి కూడా వైరస్ మిగిల్చిన ముక్కల మీద మన కణాలు పోగైన చోట్లే. ఇంకొకావిడకి నుదుటి మీద అక్కి. మా వైపు అక్కి వస్తే కుమ్మరాయన దగ్గరికి వెళ్ళి ఎర్రమట్టితో సింహం బొమ్మ రాయించుకుంటారు, ఆవిడా వారం రోజులు అదే చేయించి వచ్చింది, ఆలోపు కన్ను వాచిపోయింది. నమ్మకాన్ని నేనేమీ అనను, రాయించుకోండి, కానీ నుదుటి మీద అక్కి వచ్చి ముక్కు కొస మీద కూడా పొక్కు కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకి వెళ్ళండి, ముక్కు కొసకీ కంటికీ వెళ్ళే నరం కొమ్మ ఒకటే, మందు మొదటి 72 గంటల్లో పడితే మంచిది. అక్కి వైరస్ చిన్నప్పటి ఆటలమ్మదే, అదీ ఇలాగే నరంలో పడుకుంటుంది, వయసుతో టీ కణాల పట్టు సడలినప్పుడు లేస్తుంది.

సర్వీసు సంగతికి వస్తే, స్టెరాయిడ్ చుక్కలు మొదట రోజుకి 6 సార్లు, తర్వాత 4, తర్వాత 3, ఇలా 10 వారాలకి చార్టు ఇచ్చారు. చార్టు మొత్తం ఇంగ్లీషులో. మా అమ్మకి తెలుగు బాగా చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. ఆ ఫ్లోర్‌లో కూర్చున్నవాళ్ళలో సగం మంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళే అనిపించింది, కాస్త తెలుగులో కూడా అచ్చు వేస్తే ఏం పోతుంది? నేను గోడ క్యాలెండర్ మీదే ప్రతి తేదీ గడిలో ఎన్ని చుక్కలో అన్ని గీతలు గీసి ఇచ్చా, వేసినప్పుడల్లా అమ్మ కుంకుమ పెన్సిల్‌తో కొట్టేసేది. ఆ జూన్, జూలై పేజీలు చింపకుండా దాచా. ఈ మందు సీసా బాగా ఊపి వేయాలి, మందు అడుగున తెల్లగా కూర్చుంటుంది, ఊపకపోతే పైన నీళ్ళే పడతాయి, ఈ సంగతి డాక్టరమ్మ చెప్పలేదు, కింద ఫార్మసీలో ఉన్న అబ్బాయి చెప్పాడు, సీసా తీసుకుని నాలుగైదుసార్లు ఊపి చూపించి మరీ ఇచ్చాడు. ఆ అబ్బాయికి థాంక్స్. మందుల ఖర్చు మాకు నెలకి వెయ్యి లోపే, కన్సల్టేషన్ 600, నెల లోపు మళ్ళీ వస్తే ఫీజు తీసుకోలేదు. బస్సు ఛార్జీలు, కూలి పోయిన రోజులు కలిపితే అసలు ఖర్చు అదే.

ఇంకో మంచి విషయం, ప్రతిసారీ ప్రెషర్ చూస్తారు. స్టెరాయిడ్ వాడితే కొందరికి కంటి ప్రెషర్ పెరుగుతుంది, తెలియకుండా నరం దెబ్బతింటుంది, శుక్లం కూడా రావచ్చు. జూలైలో అమ్మకి 26 చూపించింది, 21 దాటకూడదంట, వెంటనే ఇంకో చుక్కల మందు ఇచ్చి రెండు వారాల్లో రమ్మన్నారు, 17కి వచ్చింది. షాపులో కొనుక్కుని ఇంట్లో వేసుకుంటే ఈ 26 ఎవరు చూస్తారు? చీటీ లేకుండా ఇచ్చిన షాపు మీద ఇప్పుడు నాకు కోపం కన్నా బాధ ఎక్కువ, ఆయన కూడా ఎరుపు తగ్గితే జబ్బు తగ్గినట్టే అనుకుని ఉంటాడు. ఆగస్టులో ఊరెళ్ళినప్పుడు వెళ్ళి చెప్పొచ్చా, కన్ను ఎర్రగా ఉందని ఎవరొచ్చినా స్టెరాయిడ్ కలిసింది ఇవ్వకండి, హాస్పిటల్‌కి పంపండి అని. విన్నాడు.

మధ్యలో ఒకరోజు కౌన్సెలింగ్ గదిలో కూర్చోబెట్టి, మచ్చ మిగిలితే ముందుముందు కార్నియా మార్పిడి అవసరం పడొచ్చు అని చెప్పారు. అమ్మ అడిగిన ప్రశ్న నేను ఎప్పటికీ మర్చిపోను, "ఎవరి కన్నో తెచ్చి నా కంట్లో పెడితే నా ఒళ్ళు ఒప్పుకుంటదా?" సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు మొదటిసారి మనిషి కార్నియా మార్చి చూపు తెప్పించారు, అప్పటికి ఒళ్ళు ఒప్పుకోకపోవడాన్ని ఆపే మందులేవీ లేవు, రక్తనాళాలు లేని చోటు కాబట్టి మన కణాలకి కొత్త కార్నియా పరాయిదని తొందరగా తెలియదు, అందుకే కిడ్నీలా మ్యాచింగ్ వెతకాల్సిన అవసరం పెద్దగా ఉండదు. కానీ అమ్మ కంట్లోకి నాళాలు పాకాయి కదా, కాబట్టి ఒళ్ళు తిరస్కరించే అవకాశం మామూలు వాళ్ళకంటే ఎక్కువ, పైగా ఆపరేషన్ ఒత్తిడికీ తర్వాత వాడే స్టెరాయిడ్‌కీ హెర్పిస్ మళ్ళీ లేవచ్చు. అందుకే తొందరపడం, కన్ను కనీసం కొన్ని నెలలు ప్రశాంతంగా ఉండాలి అన్నారు. ఆపరేషన్ చేయించుకోమని ఒక్కసారి కూడా తోయలేదు, ఈ రోజుల్లో ఇది చెప్పుకోవాల్సిన విషయం. ఆ రోజు కిందకి దిగుతూ నేనూ మా ఆయనా నేత్రదానం ఫారం నింపి వచ్చాం.

మార్చిలో ఎడమ కంటితో రెండు మీటర్ల దూరంలో వేళ్ళు లెక్కపెట్టగలిగేది, ఇప్పుడు 6/18, అంటే మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవగలుగుతోంది. మధ్యలో పలచని మచ్చ ఉంది, పక్కనుంచి వెలుతురు పడితే నాకు కూడా కనిపిస్తుంది. ఎర్ర నాళాలు లోపల రక్తం లేక సన్నటి తెల్ల గీతల్లా మిగిలాయి, డాక్టరమ్మ వాటిని నీడ నాళాలు అన్నారు. స్టెరాయిడ్ ఇప్పుడు రోజుకి ఒక్క చుక్క, పూర్తిగా ఆపితే మళ్ళీ లేస్తుందేమోనని మెల్లగా తగ్గిస్తున్నారు. సూదిలో దారం ఇంకా ఎక్కించలేకపోతోంది, అది తనకి పెద్ద బాధ, రెండు కళ్ళూ సమానంగా పనిచేస్తేనే దూరం అంచనా దొరుకుతుందట.

వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, మంగళ, బుధవారాలు రద్దీ కాస్త తక్కువ, సోమవారం అస్సలు వద్దు. ఇంతకుముందు వాడిన ప్రతి చుక్కల సీసా, ఖాళీదైనా సరే, తీసుకెళ్ళండి, మాకు మొదటి రోజు జబ్బు ఎందుకంత పాకిందో తేలింది ఆ సీసా వల్లే. కంటిపాప పెద్దదయ్యే మందు వేస్తారు కాబట్టి నల్లద్దాలూ, తోడుగా ఒక మనిషీ ఉండాలి. క్యాంటీన్‌లో ఇడ్లీ బాగుంటుంది, 10 దాటితే అయిపోతుంది. మాకు మళ్ళీ అక్టోబర్ 14న రమ్మన్నారు, స్పర్శ తిరిగొచ్చిందేమో దూది పోగుతో మళ్ళీ చూస్తారంట, పోయినసారి అమ్మ ఎడమ రెప్ప కొద్దిగా కదిలింది.